‘నూరు రోజులు’ అన్న మాటతో ఒక చరిత్ర పదకోశాన్ని పరీక్షించి చూశాను

పాఠ్యగ్రంథాలను తెలుగులోకి అనువదించడం నా పని. నిరుడు ఐరోపా చరిత్ర మీద ఒక పాఠం చేస్తూ, చూడటానికి ఎంతో తేలికగా ఉన్న ఒక వాక్యం దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. ‘హండ్రెడ్ డేస్‌’ కాలంలో ఫ్రాన్సు రాజు దేశంలో లేడు అన్నది ఆ వాక్యం సారాంశం. ‘వంద రోజుల పాటు రాజు దేశంలో లేడు’ అని రాస్తే తెలుగు వాక్యంగా అందులో ఏ లోపమూ కనిపించదు, కానీ చరిత్రగా అది తప్పు. ఆ రెండు ఆంగ్ల పదాలు అక్కడ ఒక కాలానికి పెట్టిన పేరు. రోజుల లెక్క కాదు. పేరును లెక్కగా మార్చేస్తే చదివే విద్యార్థి వంద అన్న అంకెను నమ్మి, పరీక్షలో దానినే రాసి, తరువాత ఎప్పుడో తేదీలు కూడి చూసుకున్నప్పుడు పాఠం మీదే నమ్మకం పోగొట్టుకుంటాడు.

ఆ సందేహం తీర్చుకోవడానికే నేను ఈ పదకోశానికి చందా కట్టాను. చరిత్ర, రాజనీతి శాస్త్రాల పారిభాషిక పదాలకు తెలుగులో వివరణ ఇచ్చే సేవ ఇది; ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ తెరుచుకుంటుంది. దీనిని ఏడాదిగా దాదాపు ప్రతి పనిదినమూ వాడుతున్నాను. ఒక నిఘంటువును తూచాలంటే పెద్ద పదాల జోలికి పోకూడదని నా అనుభవం. విప్లవం, రాజ్యాంగం, సామ్రాజ్యవాదం వంటి మాటలకు ఏ నిఘంటువైనా శ్రద్ధగానే అర్థం రాస్తుంది. అందరికీ అర్థమైనట్టే ఉండి, నిజానికి ఎవరూ ఆగి చూడని మాటల దగ్గరే నిఘంటుకారుని శ్రమ ఎంతో బయటపడుతుంది. అందుకే ఈ సమీక్షను అనేక పదాల మీదుగా పరుగెత్తించకుండా, స్వల్పకాలపు రాజకీయ ఘట్టాలకు చరిత్రకారులు వాడే ఈ ఒక్క మాట చుట్టూనే రాస్తున్నాను. ఈ మాటకు ఫ్రాన్సులో ఒక అర్థం, చైనాలో ఒక అర్థం, అమెరికాలో ఇంకొక అర్థం ఉన్నాయి. మూడింటినీ విడదీసి చెప్పగలిగిన పదకోశం నా వంటి వారికి నిజంగా ఉపయోగపడుతుంది.

ముందుగా ఫ్రెంచి అర్థాన్ని చూద్దాం, ఎందుకంటే మాట పుట్టిన చోటు అదే. నిఘంటుకారులు ఆరోపం అని పిలిచే పద వివరణలో మొదటి వాక్యం నేను చందా కట్టిననాటికి ఇలా ఉండేది: ‘ఎల్బా ద్వీపం నుంచి తప్పించుకొని వచ్చిన నెపోలియన్ ఫ్రాన్సును వంద రోజులు పరిపాలించిన కాలం.’ చాలా పుస్తకాలు చెప్పేది కూడా ఇదే కాబట్టి మామూలుగా అయితే దాటిపోయేవాడిని. ఆ రోజు మాత్రం గోడ మీది క్యాలెండర్ దింపి, పెన్సిల్‌తో మార్చి 20 చుట్టూ ఒక సున్నా చుట్టి, అక్కడి నుంచి ఒక్కొక్క గడిలో చిన్న గీత పెట్టుకుంటూ వెళ్లాను. నెపోలియన్ పారిస్ చేరి టుయిలరీస్ రాజభవనంలో అడుగుపెట్టింది 1815 మార్చి 20 సాయంత్రం. వాటర్లూ యుద్ధంలో ఓడింది జూన్ 18న. కొడుకు పేరు మీద సింహాసనాన్ని వదులుకుంటున్నట్టు సంతకం పెట్టింది జూన్ 22న. నా పెన్సిల్ గీతలు జూన్ 22 గడి దగ్గరికి వచ్చేసరికి 94 అయ్యాయి. వంద రాలేదు. పోనీ దక్షిణ తీరంలోని గోల్ఫ్ జువాన్‌లో ఆయన ఓడ దిగిన మార్చి 1 నుంచి లెక్కిస్తే జూన్ 22కు 113 అవుతాయి. ఏ వైపు నుంచి లాగినా నెపోలియన్ పాలన సరిగ్గా నూరు రోజుల కొలతకు అమరదు.

అమరకపోవడానికి కారణం అదే ఆరోపం మూడవ పేరాలో ఉంది. ఈ పదకోశం మీద నాకు గౌరవం కలిగింది ఆ పేరా చదివిన తరువాతే. ఈ మాటను మొదట బహిరంగంగా పలికినవాడు నెపోలియన్ పక్షం మనిషి కాదు. ఆయన రాకతో రాజధాని విడిచి, నేటి బెల్జియంలోని ఘెంట్ నగరంలో తలదాచుకున్న పద్దెనిమిదవ లూయీ, 1815 జూలై 8న తిరిగి పారిస్‌లో ప్రవేశించినప్పుడు, పారిస్ ఉన్న సేన్ ప్రాంతానికి పాలనాధికారిగా ఉన్న శాబ్రోల్ ఆయనకు స్వాగతం పలికాడు. ఏలినవారు తమ రాజధానిని విడిచి వెళ్లిన ఆ దుర్ముహూర్తం నుంచి నూరు రోజులు గడిచాయన్నది ఆ స్వాగత వచనాల భావం. అంటే ఆ నూరు రోజులు నెపోలియన్ ఏలిన రోజులుగా కాదు, రాజు లేని రోజులుగా లెక్కకు వచ్చాయి. మార్చి 20 నుంచి జూలై 8 వరకు లెక్కిస్తే 110 రోజులు. రాజు బయలుదేరింది ముందురోజు రాత్రి కాబట్టి మరొక రోజు కలుపుకున్నా తప్పు లేదు. స్వాగతం చెప్పే అధికారి నోట 110 అన్న అంకె రాదు. నూరు అనే నిండు సంఖ్య వస్తుంది. మనం కూడా ‘నూరేళ్లు చల్లగా ఉండు’ అని దీవించేటప్పుడు లెక్క చూసుకోం కదా.

ఈ ఒక్క విషయం తెలియగానే ఆ కాలమంతా వేరేగా కనిపిస్తుంది. నెపోలియన్ పదవి వదులుకున్న జూన్ 22కూ రాజు తిరిగి వచ్చిన జూలై 8కీ మధ్య పదహారు రోజులు ఉన్నాయి. ఆ పదహారు రోజులు ఫ్రాన్సును నడిపింది ఫూషే నాయకత్వంలోని తాత్కాలిక ప్రభుత్వం. పేరుకు చక్రవర్తి నెపోలియన్ కొడుకు. అతడు అప్పటికి నాలుగేళ్ల పిల్లవాడు, పైగా దేశంలోనే లేడు. 94కు 16 కలిపితే 110. ‘నెపోలియన్ పాలన’ అని నిర్వచనం రాసినవారు ఈ పదహారు రోజులను ఎక్కడ పెట్టాలో చెప్పలేరు. ‘రాజు లేని కాలం’ అని రాస్తే అవి వాటంతటవే తమ చోట కూర్చుంటాయి.

ఇక్కడే నా ఫిర్యాదు కూడా మొదలైంది. మూడవ పేరాలో ఇంత బాగా చెప్పినవారు మొదటి వాక్యంలో దానికి విరుద్ధంగా ఎలా రాశారు? నిఘంటువు తెరిచేవారిలో చాలామంది మొదటి వాక్యం చదివి మూసేస్తారు. సంపాదకులకు నా పెన్సిల్ లెక్కంతా రాసి పంపాను. మూడు వారాల పాటు జవాబు రాలేదు. ఇటువంటి సేవకు అది ఎక్కువ కాలమే. వచ్చిన జవాబు మాత్రం మర్యాదగా, విషయం మీదే ఉంది. ఆ తరువాత మొదటి వాక్యం మారింది. ఇప్పుడు అది ఇలా ఉంది: ‘1815 మార్చి 20న నెపోలియన్ పారిస్ చేరినప్పటి నుంచి జూలై 8న పద్దెనిమిదవ లూయీ తిరిగి వచ్చేవరకు నడిచిన కాలానికి పేరు, వాస్తవంలో 110 రోజులు.’ ఒక పాఠకుని ఉత్తరానికి విలువ ఇచ్చి నిర్వచనాన్నే తిరగరాసినందుకు వారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పాలి. ఎక్కువ నిఘంటువులు ఆ పని తరువాతి ముద్రణకు వాయిదా వేస్తాయి.

ఫ్రెంచి ఆరోపంలో నాకు ఇంకా నచ్చనిది ఒకటి మిగిలి ఉంది. సగానికి పైగా స్థలం వాటర్లూకే పోయింది. సేనల కదలికలు, రెండు రోజుల ముందు లిన్యీ దగ్గర ప్రష్యా సేన మీద నెపోలియన్ గెలుపు, ఆ తరువాత ఓటమి, అన్నీ వివరంగా ఉన్నాయి. కానీ మాట రాజకీయ కాలానిది. ఆ కాలంలో రాజకీయంగా ఏమి జరిగిందో చెప్పేది నాలుగు వాక్యాలే. ఎల్బా నుంచి వేయి మందికి కొంచెం ఎక్కువ సైన్యంతో వచ్చిన మనిషి, పెద్ద యుద్ధమేదీ చేయకుండా ఇరవై రోజులలో రాజధాని చేరగలగడం ఎలా సాధ్యమైంది? మార్చి 7న గ్రెనోబుల్ దగ్గర లాఫ్రే అనే ఊళ్లో దారి ఆపడానికి వచ్చిన రాజు సైనికులు తుపాకులు దించి ఆయన వెంట ఎందుకు నడిచారు? ఈ ప్రశ్నలకు దారి చూపకుండా యుద్ధరంగంలోకి వెళ్లిపోతే మాట అర్థం సగమే అందుతుంది.

అంతకంటే ముఖ్యమైనది బెంజమిన్ కాన్‌స్టంట్ సంగతి. నెపోలియన్ పారిస్ చేరడానికి ఒక్క రోజు ముందు, మార్చి 19న, ఈ రచయిత ఆయనను హూణుల నాయకుడు అటిలాతో, చెంఘిజ్ ఖాన్‌తో పోలుస్తూ పత్రికలో తీవ్రంగా రాశాడు. కొద్ది వారాలు తిరగకుండానే ఆయన చేతే నెపోలియన్ కొత్త రాజ్యాంగ సవరణ రాయించుకున్నాడు. సామ్రాజ్య రాజ్యాంగాలకు ‘అదనపు చట్టం’ అనే పేరుతో ఏప్రిల్ 22న వెలువడిన ఆ పత్రం రెండు సభల శాసనవ్యవస్థను, పత్రికలకు స్వేచ్ఛను ఇస్తానంది. అంతకుముందు పదేళ్లు నోరెత్తనివ్వకుండా ఏలిన చక్రవర్తి ఇప్పుడు ఇలా మాట్లాడవలసి రావడమే ఆ స్వల్పకాలానికి ప్రత్యేకతను ఇచ్చింది. మార్చి 29న ఫ్రాన్సులో బానిసల వ్యాపారాన్ని రద్దు చేస్తూ ఆజ్ఞ వెలువడింది కూడా ఈ రోజులలోనే. పదకోశం కాన్‌స్టంట్ పేరును ఒకచోట ప్రస్తావించి వదిలేసింది. మార్చి 19 నాటి వ్యాసాన్ని, ఏప్రిల్ 22 నాటి పత్రాన్ని పక్కపక్కన పెట్టి ఉంటే, ఎటు తిరిగినా అనిశ్చితమే అయిన ఆ రోజుల స్వభావం ఒక్క చూపులో తెలిసేది.

ఇప్పుడు ఈ పదకోశం చేసిన పనులలో అన్నిటికంటే విలువైనదని నేను భావించేదాన్ని చెబుతాను. ఆంగ్లంలో పేరుకూ లెక్కకూ తేడా చూపించడానికి పెద్ద అక్షరాలు ఉన్నాయి. ఫ్రెంచిలోనూ ఆ సౌకర్యం ఉంది. తెలుగు లిపిలో అది లేదు. వంద రోజులు అని రాస్తే అది ఒక చారిత్రక కాలం పేరా, మూడు నెలల పది రోజులా అన్నది అక్షరాలను చూసి చెప్పలేం. సంపాదకులు దీనికి మన భాషలోనే ఉన్న ఒక జంట మాటలను ఆసరాగా తీసుకున్నారు. పేరుగా వచ్చిన ప్రతిచోటా ‘నూరు రోజులు’ అని, లెక్కగా వచ్చిన ప్రతిచోటా వంద రోజులు అని పట్టుదలగా పాటించారు. నూరు, వంద రెండూ ఒకే సంఖ్య అయినా వాటి వాడుకలో తేడా తెలుగు చెవికి తెలుసు. నోట్లు లెక్కపెట్టేటప్పుడు వంద అంటాం. నిండుదనం, ఆయుష్షు, సామెత చెప్పేటప్పుడు నూరు అంటాం. ‘నూరు గొడ్లు తిన్న రాబందుకు ఒకటే గాలిపెట్టు’ అన్న సామెతలో వంద అని పెట్టి చూడండి, మాట కుంటుతుంది. లెక్కకు మించిన అర్థం మోయవలసిన చోట నూరును నిలబెట్టడం చాలా సరైన నిర్ణయం. ఆ పైన శాబ్రోల్ పలికిన నిండు సంఖ్యకు కూడా అదే తగిన మాట.

శతదినాలు అని సంస్కృతంలోకి వెళ్లకపోవడాన్ని కూడా నేను మెచ్చుకుంటాను. శతదినోత్సవం అనగానే మనకు సినిమా గుర్తుకు వస్తుంది. ఆ అనుబంధం ఒకసారి మాటకు అంటుకున్నాక దానిని ఫ్రాన్సు చరిత్రలోకి తీసుకుపోవడం కష్టం. పదకోశం చైనా ఆరోపంలో మాత్రం ‘శతదిన సంస్కరణలు’ అనే వాడింది. ఒకే సేవలో ఒకే మాటకు రెండు రకాల తెలుగు ఎందుకో నాకు అర్థం కాలేదు. దీని గురించి కూడా రాశాను. ఇంతవరకు మారలేదు.

ఇంత మంచి నిర్ణయాన్ని వారి సొంత వెతుకులాట పట్టీయే దెబ్బతీస్తున్నది. వెతికే పెట్టెలో ‘నూరు రోజులు’ అని కొడితే ఆరోపం వెంటనే వస్తుంది. ‘వంద రోజులు’ అని కొడితే ‘ఫలితాలు లేవు’ అన్న ఒక్క పంక్తి కనిపిస్తుంది. తెలుగు పత్రికలు చదివే మనిషి ముందుగా కొట్టేది వంద రోజులే, ఎందుకంటే కొత్త ప్రభుత్వం వచ్చిన ప్రతిసారీ ‘వంద రోజుల పాలన’ అన్న శీర్షికను ఆయన చూస్తూనే ఉంటాడు. అంటే ఈ తేడా తెలియని పాఠకునికి, దానిని తెలియజెప్పే పేజీయే దొరకకుండా పోతున్నది. ఒక పదం నుంచి మరొక పదానికి దారి మళ్లించడం పదకోశాలలో కొత్త విద్య కాదు. అచ్చు నిఘంటువులు ‘చూడు’ అన్న ఒక్క మాటతో ఎప్పటి నుంచో చేస్తున్న పని. ఏడాది వాడకంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన లోపం ఇదే. దీనిని సరిచేయడానికి కొత్త పరిశోధనేమీ అక్కరలేదు కూడా.

చైనా ఆరోపం క్లుప్తంగా ఉన్నా నమ్మదగినది. 1898 జూన్ 11న గ్వాంగ్‌షూ చక్రవర్తి సంస్కరణల ఆజ్ఞ వెలువరించినప్పటి నుంచి, సెప్టెంబర్ 21న సిషీ రాజమాత అధికారాన్ని తిరిగి తన చేతిలోకి తీసుకొని ఆయనను నిర్బంధించేవరకు ఉన్న కాలం ఇది. రెండు చివరలనూ కలుపుకుంటే 103 రోజులు. ఇక్కడ నూరు అన్నది లెక్కకు చాలా దగ్గర. సంస్కర్తలు కాంగ్ యూవెయ్, ల్యాంగ్ చీచావ్ దేశం విడిచి తప్పించుకోవడం, తాన్ సితోంగ్‌తో సహా ఆరుగురిని సెప్టెంబర్ 28న శిరచ్ఛేదంతో చంపడం, ఆజ్ఞలలో ఎక్కువ భాగం రద్దయినా పెకింగ్‌లో పెట్టిన విశ్వవిద్యాలయం మాత్రం మిగలడం, అన్నీ ఉన్నాయి. చైనీయులు ఆ సంవత్సరానికి తమ అరవై ఏళ్ల చక్రంలో ఉన్న పేరును బట్టి దీనిని వూషూ సంస్కరణ అని కూడా అంటారని చెప్పడం చాలా బాగుంది. ప్రభవ, విభవ అని అరవై సంవత్సరాల పేర్లు తెలిసిన తెలుగు పాఠకునికి ఆ పద్ధతి వెంటనే మనసుకు పడుతుంది. ఆ పోలికను ఆరోపంలోనే ఒక వాక్యంగా రాసి ఉంటే ఇంకా మేలు.

ఫ్రాన్సు అర్థానికీ చైనా అర్థానికీ ఉన్న అసలు తేడాను కూడా ఈ ఆరోపం పట్టుకుంది. ఫ్రాన్సులో ఆ పేరు, పోయిన అధికారం తిరిగి వచ్చి మధ్యకాలాన్ని వెనక్కి తిరిగి చూసినప్పుడు పుట్టింది. చైనాలో అది ఒక ప్రయత్నం ఎంత త్వరగా అణగారిపోయిందో చెప్పే పేరు. మొదటిదానిలో కొంత ఊరట ఉంది, రెండవదానిలో దుఃఖం ఉంది. నిఘంటువు భావోద్వేగాల జోలికి పోకూడదనేవారు ఉంటారు గానీ, ఒక మాటను ఏ గొంతుతో అంటారో చెప్పకుండా దాని అర్థం పూర్తిగా చెప్పినట్టు కాదని నా నమ్మకం.

అమెరికా ఆరోపం దగ్గర మాత్రం ఈ పదకోశం తడబడింది. ‘అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రమాణ స్వీకారం చేసిన తరువాతి మొదటి వంద రోజులు’ అన్నది అందులోని నిర్వచనం. రూజ్‌వెల్ట్ ప్రమాణం చేసింది 1933 మార్చి 4న. అక్కడి నుంచి వంద రోజులు లెక్కిస్తే జూన్ 12 వస్తుంది. జూన్ 12న ఏమి జరిగిందని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. లెక్క నిజానికి అమెరికా శాసనసభ అయిన కాంగ్రెస్ ప్రత్యేక సమావేశానిది. ఆ సమావేశం మార్చి 9న మొదలై జూన్ 16న ముగిసింది. మొదటి రోజునూ చివరి రోజునూ కలుపుకుంటే సరిగ్గా నూరు. మొదటి రోజునే బ్యాంకుల అత్యవసర చట్టం ఆమోదం పొందింది. చివరి రోజున జాతీయ పారిశ్రామిక పునరుద్ధరణ చట్టం, వాణిజ్య బ్యాంకులను పెట్టుబడి వ్యాపారం నుంచి వేరుచేసిన గ్లాస్-స్టీగల్ చట్టం సంతకాలు పొందాయి. మధ్యలో మే 12న రైతులకు సంబంధించిన చట్టం, మే 18న టెనెసీ లోయ అభివృద్ధి చట్టం వచ్చాయి. ఆర్థిక మాంద్యంతో బ్యాంకులు మూతపడి ఉన్న దేశంలో ఒక శాసనసభ ఒక్క సమావేశంలో చేసిన పని అది. మూడు దేశాలలోనూ పేరూ లెక్కా అచ్చంగా కలిసేది ఇక్కడ ఒక్కచోటే, కానీ పదకోశం ఇక్కడే లెక్క తప్పింది.

ఈ తప్పును చిన్నదని ఎందుకు అనుకోకూడదో కూడా చెప్పాలి. ఈ రోజు ప్రపంచమంతటా ఏ ప్రభుత్వం వచ్చినా ‘మొదటి వంద రోజులు’ అని లెక్కగట్టే అలవాటు ఈ అమెరికన్ అర్థం నుంచి వచ్చినదే. 1933 జూలై 24న రేడియోలో మాట్లాడుతూ రూజ్‌వెల్ట్ స్వయంగా ఆ నూరు రోజుల మాట ఎత్తాడు. అప్పటికి ఆ రోజులు ముగిసి నెల దాటింది. అంటే ఆయన కూడా వెనక్కి తిరిగి చూసి ఆ మాట అన్నాడు, ముందుగా గడువు పెట్టుకోలేదు. తరువాత వచ్చినవారు దానిని ముందున్న గడువుగా మార్చుకున్నారు. శాసనసభ సమావేశం లెక్క నెమ్మదిగా అధ్యక్షుని పదవి లెక్కగా మారింది. 1961 జనవరి 20న ప్రమాణ స్వీకార ప్రసంగంలో, ఇదంతా మొదటి నూరు రోజులలో పూర్తి కాదు, వేయి రోజులలోనూ పూర్తి కాదు అని కెన్నెడీ చెప్పవలసి వచ్చిందంటే, అప్పటికే ఆ గడువు జనం మనసులో ఎంతగా నాటుకుందో ఊహించవచ్చు. పూర్వం గడిచిపోయిన కాలానికి పెట్టిన పేరు, ఇప్పుడు రాబోయే కాలానికి పెట్టే పరీక్ష అయింది. ఈ మార్పు ఒక్క వాక్యంలోనైనా ఆరోపంలో లేదు. ‘వంద రోజుల పాలన’ అన్న పత్రికా శీర్షిక నుంచి ఈ పేజీకి వచ్చే తెలుగు పాఠకునికి అన్నిటికంటే అవసరమైనది ఆ వాక్యమే.

1918 ఆగస్టు 8 నుంచి నవంబర్ 11 వరకు మొదటి ప్రపంచ యుద్ధపు పశ్చిమ రంగంలో మిత్రరాజ్యాలు జరిపిన దాడికి కూడా ఆంగ్లంలో ఇదే పేరు ఉంది. అది 95 రోజుల సైనిక చర్య కాబట్టి దానికి విడి ఆరోపం ఇచ్చి, రాజకీయ అర్థాలతో కలపకుండా ఉంచారు. సరైన పని.

ఇతర స్వల్పకాలాలకు ఇచ్చిన దారుల గురించి కొంచెం చెబుతాను. 1871 మార్చి 18 నుంచి మే 28 వరకు నడిచిన పారిస్ కమ్యూన్‌కు, రెండు చివరలతో కలిపి 72 రోజులు అన్న అంకె పక్కనే కనిపిస్తుంది. 1968 జనవరి 5న దుబ్చెక్ చెకోస్లోవాకియా కమ్యూనిస్టు పార్టీ నాయకత్వంలోకి వచ్చినప్పటి నుంచి ఆగస్టు 20 రాత్రి సోవియట్ సేనలు ప్రవేశించేవరకు ఉన్న ప్రాగ్ వసంతానికి రోజుల అంకె ఇవ్వలేదు. అది కూడా సబబే, ఎందుకంటే దానిని రోజులతో కాక ఋతువుతో పిలుస్తారు. ఇద్దరు రాజుల మధ్య ఖాళీకి వాడే మాటకు ‘రాజాంతర కాలం’ అన్న తెలుగు ఇచ్చారు. ఆ మాట నాకు మొదట కొత్తగా అనిపించింది, రెండు నెలల తరువాత నా అనువాదంలో నేనే వాడటం మొదలుపెట్టాను. అయితే ఆ పేజీ నుంచి ‘నూరు రోజుల’కు దారి లేదు. 1814 నాటి మొదటి రాజపునఃస్థాపనకూ 1815 నాటి రెండవదానికీ మధ్య వచ్చిన ‘నూరు రోజులు’, రాజు పక్షం దృష్టిలో చూస్తే, అటువంటి ఖాళీయే. ఆ రెండు పేజీలను ఒక్క గొలుసుతో కలిపితే పాఠకుడు మాట వెనుక ఉన్న దృష్టికోణాన్ని తనంతట తానే గ్రహిస్తాడు.

ఉచ్చారణ వినిపించే సదుపాయం ఫ్రెంచి పేర్లకు బాగుంది, చైనా పేర్లకు లేదు. అక్షరాల పరిమాణం పెంచుకోవచ్చు. నెట్ లేనప్పుడు అంతకుముందు తెరిచిన పేజీలు మాత్రమే కనిపిస్తాయి. తేదీలన్నిటినీ సంవత్సరం, నెల, రోజు అన్న ఒకే వరుసలో ఇవ్వడం నా వంటి వారికి ఎంతో సమయం మిగిల్చింది.

చరిత్ర బోధించేవారికి, అనువాదకులకు, పోటీ పరీక్షలకు చదువుతూ తేదీలను నమ్మకంగా చూసుకోవాలనుకునేవారికి ఈ పదకోశాన్ని నేను సిఫారసు చేస్తాను, రెండు షరతులతో. అమెరికా అర్థానికి వేరొక మూలాన్ని కూడా చూసుకోండి. వెతికేటప్పుడు వంద అని దొరకకపోతే నూరు అని కొట్టండి. నా చందా పోయిన నెలతో ముగిస్తే మళ్లీ కట్టాను. అమెరికా ఆరోపం మీద నా లెక్కను, వెతుకులాట పట్టీ సంగతిని కలిపి సంపాదకులకు ఇంకొక ఉత్తరం పంపాను. రెండు రోజులు నన్ను ఆపిన ఆ వాక్యం అచ్చులోకి ఇలా వెళ్లింది: ‘చరిత్రకారులు “నూరు రోజులు” అని పిలిచే ఆ 110 రోజులూ పద్దెనిమిదవ లూయీ తన రాజధానికి దూరంగా ఉన్నాడు.’